శవపరీక్ష చేసే డాక్టరమ్మ గతం: ముందే చెప్పడం మేలా, చివర విప్పడం మేలా?

చిన్నతనంలో హింసకు గురై, పెద్దయ్యాక శవపరీక్షలు చేసే డాక్టరుగా స్థిరపడిన స్త్రీ క్రైమ్ థ్రిల్లర్లలో ఇప్పుడు తరచుగా కనిపించే పాత్ర. కర్నూలు నేపథ్యంగా అటువంటి నవల రాస్తున్న మిత్రుడొకరు రెండు రాతప్రతులు సిద్ధం చేసుకుని, ఏది అచ్చుకు ఇవ్వాలో తేల్చుకోలేక ఉన్నారు. మొదటి ప్రతిలో డాక్టరమ్మ గతం ఆమె మాటల్లోనే తొలి అధ్యాయంలో పాఠకునికి తెలిసిపోతుంది. రెండవ ప్రతిలో కథ సి.ఐ. దృష్టి నుంచి నడుస్తుంది, ఆమె గతం చివరి అధ్యాయానికి ముందు బయటపడుతుంది. నా మొగ్గు మొదటి ప్రతి వైపే. అయితే ఆ మొగ్గుకు కారణం కేవలం అభిరుచి కాదు, మన దగ్గర ఈ వృత్తి సాగే తీరే.

ఈ పాత్ర మనకు అమెరికా థ్రిల్లర్ల దారిన వచ్చింది. అక్కడ మెడికల్ ఎగ్జామినర్ అనేది ఒక ప్రత్యేక పదవి. న్యూయార్క్ నగరంలో 1918 నుంచి ఆ కార్యాలయం ఉంది. ఆ అధికారి ఘటనాస్థలానికి వెళ్లగలరు, తన పరిశోధకుల చేత వివరాలు సేకరింపజేయగలరు, మరణం హత్యా, ఆత్మహత్యా, ప్రమాదమా అన్నది తానే ప్రకటించగలరు. మన దగ్గర అనుమానాస్పద మరణంపై విచారణ పోలీసుల పని. 2024 జూలై 1 నుంచి అది కొత్త నేర విచారణ చట్టమైన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 194వ సెక్షన్ కింద జరుగుతోంది, అంతకు ముందు పాత చట్టమైన సి.ఆర్.పి.సి. 174 కింద జరిగేది. పెళ్లయిన ఏడేళ్లలోపు స్త్రీ అనుమానాస్పదంగా మరణిస్తే తహసీల్దారు వచ్చి శవపంచనామా జరిపిస్తారు. డాక్టరు చేతికి శవమూ, పరీక్ష చేయమని కోరే పోలీసుల రిక్విజిషనూ, పంచనామా ప్రతి వంటి కాగితాలూ మాత్రమే వస్తాయి. ఆమె చెప్పవలసింది మరణకారణం. హంతకుణ్ణి వెంటాడే అధికారం ఆమెకు లేదు. కాబట్టి కర్నూలు డాక్టరమ్మ చేత తుంగభద్ర ఒడ్డున టార్చిలైటు పట్టించి ఆధారాలు వెతికించే అధ్యాయం ఎంత ఉత్కంఠగా రాసినా, ఒక్కసారి మార్చురీ గడప తొక్కిన పాఠకుడు దాన్ని నమ్మడు. ఆమె శక్తి అంతా నివేదికలో రాసే కొన్ని వాక్యాల్లోనే ఉంటుంది.

రహస్యాన్ని చివరిదాకా దాచే పద్ధతికి ఒక మేలు లేకపోలేదు. పుస్తకం పూర్తిచేసిన పాఠకుడు వెనక్కి తిరిగి, ఆమె ఆ రోజు ఎందుకు మాట మధ్యలో ఆపింది, ఆ పెద్దాయన చేతికి టీ గ్లాసు ఇవ్వకుండా బల్లపై ఎందుకు పెట్టింది అని పాత అధ్యాయాలను కొత్తగా చదువుకుంటాడు. కానీ దీనికి చెల్లించే మూల్యం ఎక్కువ. దాచి ఉంచినంత కాలం ఆ హింస పాత్ర అనుభవంగా కాక రచయిత జేబులోని పేకముక్కగా ఉంటుంది. పైగా ఇటువంటి నవలలు ఆ ముక్కను చాలాసార్లు ఒకే విధంగా వాడతాయి: దెబ్బలు తిన్న పిల్లే పెద్దయ్యాక హంతకురాలని తేలుస్తాయి. ఇది అన్యాయం మాత్రమే కాదు, పాతబడిన ఎత్తు కూడా. థ్రిల్లర్లు వరుసగా చదివేవాళ్లు మూడో అధ్యాయానికే పసిగడతారు.

గతాన్ని ముందే చెప్పినప్పుడు ఉత్కంఠ పోదు, చోటు మారుతుంది. మిత్రుని మొదటి ప్రతిలోని కేసునే తీసుకుందాం. సుంకేశుల నుంచి కడప దాకా పారే కె.సి. కాలువలో ఎనిమిదేళ్ల బాలుని శవం దొరికింది; ఆడుకుంటూ జారిపడ్డాడని ఇంటివాళ్లు చెప్పారు, పంచనామాలోనూ అదే రాశారు. బల్లపై మూడు పక్కటెముకలు, ఒక ముంజేతి ఎముక వేరువేరు కాలాల్లో విరిగినట్లు ఆమెకు కనిపిస్తుంది: ఒకటి తాజాగా విరిగింది, ఒకచోట కొత్త ఎముక ఉబ్బుగా పేరుకుంటోంది, మిగిలినవి అతుక్కుని చాలాకాలమైంది. ఒక్కసారి పడితే ఒక్క కాలపు గాయాలే ఉండాలి. మెదడు పైపొరల కింద రక్తం గడ్డకట్టిన పసిపిల్లల్లో చేతికాళ్ల ఎముకలు కూడా విరిగి ఉండటాన్ని జాన్ కాఫీ అనే అమెరికన్ వైద్యుడు 1946లో ప్రచురించినా, అది పెద్దల చేతి దెబ్బేనని వైద్యలోకం బాహాటంగా పేరుపెట్టి ఒప్పుకోవడానికి 1962లో కెంప్ అనే పిల్లల వైద్యుని బృందం రాసిన వ్యాసం దాకా ఆగవలసి వచ్చింది. ఎముకపై ఉన్నదాన్ని చూసి కూడా చెప్పడానికి వైద్యులే అంతకాలం వెనకాడారంటే, అదే బాధ అనుభవించిన ఈ డాక్టరమ్మ కలం ఎంతగా తడబడుతుందో ఊహించవచ్చు.

ఇక్కడే నవలకు అసలు ప్రశ్న దొరుకుతుంది: ఆమె బాలుని ఎముకల్లో ఉన్నదాన్ని చూస్తోందా, తన బాల్యాన్ని చూసుకుంటోందా? గతం తెలిసిన పాఠకునికి మాత్రమే ఈ సందేహం కలుగుతుంది. అందువల్ల నివేదికలోని ప్రతి వాక్యమూ అతనికి ప్రమాదంగా తోస్తుంది. కోర్టు ఘట్టం ఇంకా పదునెక్కుతుంది. నిపుణుల అభిప్రాయాన్ని భారతీయ సాక్ష్య అధినియమ్‌లోని 39వ సెక్షన్ కింద స్వీకరిస్తారు, అయితే అది అభిప్రాయమే. "ఎత్తు నుంచి పడినా పక్కటెముక విరగవచ్చు కదా డాక్టరు గారూ?" అని నిందితుని న్యాయవాది నెమ్మదిగా అడుగుతాడు. నిజాయితీ గల డాక్టరు "విరగవచ్చు" అనే చెప్పాలి. ఆ ఒక్క మాట ఆమె నోటినుంచి రావడానికి పట్టే క్షణం, గతాన్ని దాచిన ప్రతిలో కేవలం సాంకేతిక వివరంగా మిగిలిపోతుంది.

చనిపోయిన బాలునికి చెల్లెలు ఒకతె ఉందనీ, తల్లి కొంగు పట్టుకుని మార్చురీ బయట నిలబడిందనీ మిత్రుడు రాశారు. చాలా మంచి ఆలోచన అది. ఆ పిల్లపై లైంగిక నేరం జరిగిందని డాక్టరుకు తెలిసినా, జరగబోతోందని భయం కలిగినా, పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలియజేయక తప్పదు. జరిగిందని తెలిసీ చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు. అయితే ఆమెకు కలిగింది అనుమానమా, జ్ఞాపకమా? ఆమె బాల్యంలో ఆ చట్టమే లేదు, 2012 నవంబరులో గానీ అది అమలులోకి రాలేదు. తనకోసం ఎవరూ చేయని ఫిర్యాదును తాను చేయాలా అన్న తర్జనభర్జన పాఠకునికి తెలియాలంటే, ఆమె మనసు అతనికి తెరిచి ఉండాలి.

ఆమెను ఎక్కడ ఉద్యోగంలో పెట్టాలన్నది కూడా ఈ ఎంపికతో ముడిపడి ఉంది. 1957లో మొదలైన కర్నూలు మెడికల్ కాలేజీలో పెడితే ఫోరెన్సిక్ విభాగం, విద్యార్థులు, తోటి డాక్టర్లు ఉంటారు. తనను హింసించినవాని శవమే బల్లపైకి వస్తే ఆమె తప్పుకుని మరొకరికి అప్పగించవచ్చు. చిన్న ఊరి ప్రభుత్వ ఆసుపత్రిలో అయితే పొద్దున ఓ.పి. చూసి, కాన్పులు చేసే డాక్టరే శవపరీక్షకూ రావలసి ఉంటుంది. అక్కడ తప్పుకునే దారి ఇరుకు. అందుకే కథకు రెండోదే బాగుంటుందని నా అభిప్రాయం, నైపుణ్యపు వివరాలు కొంత తగ్గినా సరే. మరొక సంగతి కూడా ఉంది. 2021 నవంబరులో కేంద్ర ఆరోగ్యశాఖ రాత్రివేళ శవపరీక్షకు అనుమతిచ్చినా, శాంతిభద్రతల సమస్య ఉంటే తప్ప హత్య, ఆత్మహత్య, అత్యాచారం, అనుమానాస్పద మరణం వంటి కేసులను మినహాయించింది. అంటే సాయంత్రం శవం వస్తే తెల్లవారేదాకా ఆగాలి. లోపల ఎవరి శవం ఉందో తెలిసి డ్యూటీ గదిలో ఆమె గడిపే ఆ రాత్రి ఒక పూర్తి అధ్యాయానికి సరిపోతుంది. రెండవ ప్రతిలో సి.ఐ. ఇంటికి వెళ్లి నిద్రపోతాడు, ఆ అధ్యాయమే పుట్టదు.

జ్ఞాపకాలను చిత్రించేటప్పుడు మాత్రం మొదటి ప్రతిలో కొంత కోత అవసరం. నిత్యం శవాలను చూసే మనిషి నెత్తురు చూసి గతంలోకి జారిపోదు. ఆమెను కదిలించేది ఏ తలనూనె వాసనో, తలుపు గడియ చప్పుడో కావాలి. ఫ్యాక్షన్ కుటుంబాన్ని కథలోకి తెచ్చే ప్రయత్నాన్ని కూడా మానుకోమంటాను. రాయలసీమ అనగానే బాంబులు, వేటకొడవళ్లు చూపించడం మనకు బయటివాళ్లు అంటగట్టిన అలవాటు, ఈ కథలో హింస ఇంటి లోపలిది.

చివర విప్పే పద్ధతే కావాలని మిత్రుడు పట్టుబడితే, సి.ఐ. దృష్టిని వదలకుండా ఉండటం, ఆమె గతం హత్యకు జవాబు కాకుండా చూసుకోవడం అన్న రెండు షరతులు పాటించాలి. "నేను" అని చెప్పుకునే డాక్టరమ్మ తనకు తెలిసినదాన్ని మూడు వందల పేజీలు దాచిపెడితే అది మోసమే అవుతుంది. మొదటి ప్రతిని ఎంచుకున్నా సి.ఐ. పాత్రను పారేయనవసరం లేదు. అతనికి ఆమె గతం చివరిదాకా తెలియకుండానే ఉంచవచ్చు, నివేదికలో ఒక వాక్యం మార్చమని అతను ఫోన్ చేసే ఘట్టం అప్పుడు ఇప్పటికంటే బిగువుగా వస్తుంది.