గోరి, వైన్ యాత్రకు ముందుగా డబ్బు కట్టేవారు ఒక్కసారి ఇది చదవండి

నిన్న రాత్రే జార్జియా రాజధాని త్బిలిసి నుంచి దుబాయ్ తిరిగి వచ్చాను. కోపం ఇంకా దిగలేదు కాబట్టి మాట ఎక్కడైనా కాస్త కటువుగా పడితే మన్నించాలి. సోవియట్ కాలపు కట్టడాలు, వైన్ తోటలు ఒకే రోజులో చూపిస్తామనే ఆ యాత్ర ఎవరిదో ఇక్కడి మనవాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. జార్జియా ప్రయాణం అనగానే ఒకరి ఫోనులోంచి ఇంకొకరి ఫోనులోకి వెళ్లే నంబరే అది. మనిషికి 180 లారీల చొప్పున నాకు, నా భార్యకు, మా నాన్నకు కలిపి 540 లారీలు, వారం ముందే, ఒక్క ప్రశ్న కూడా అడగకుండా పంపించాను. లారీ అక్కడి డబ్బు పేరు, మోసం మాత్రం మన లారీల లెక్కన దొరికింది.

ఈ యాత్ర నాన్న కోసం పెట్టుకున్నది. ఆయనకు డెబ్బై ఆరేళ్లు, విజయవాడలో ఒక ప్రెస్సులో కంపోజిటరుగా చేరి ప్రూఫ్ రీడరుగా రిటైరయ్యారు. మా ఇంటికి వచ్చే 'సోవియట్ భూమి' పత్రిక నున్నటి కాగితాలతోనే మా బడి పుస్తకాలన్నింటికీ అట్టలు వేసేవారు. పొద్దున త్బిలిసిలోని అవ్లబారి పేటలో స్టాలిన్, ఆయన సహచరులు 1906లో పోలీసుల కంట పడేదాకా నడిపిన రహస్య ముద్రణాలయాన్ని చూపించారు. నేలమాళిగలో తుప్పు పట్టిన ఆ యంత్రం ముందు నాన్న చేతులు వెనక్కు కట్టుకుని పది నిమిషాలు కదలకుండా నిలబడ్డారు. అక్కడి దాకా ఏ ఫిర్యాదూ లేదు, అది నిజాయితీగా చెప్పాలి.

అసలు కథ స్టాలిన్ పుట్టిన ఊరు గోరిలో మొదలైంది. 1957లో తెరిచిన స్టాలిన్ మ్యూజియం ఆవరణలో ఆయన పుట్టిన చిన్న ఇల్లు, దాని మీద స్తంభాల మంటపం, పక్కగా 83 టన్నుల ఆకుపచ్చ రైలు పెట్టె ఉంటాయి. విమానమంటే గిట్టని స్టాలిన్ 1945లో యాల్టా సమావేశానికి ప్రయాణించిన పెట్టె అది. లోపల స్నానాల తొట్టి కూడా ఉంటుందని నాన్న ఎప్పుడో చదివి, విమానంలో ఆ ఒక్క మాటే నాలుగుసార్లు చెప్పారు. టికెట్లన్నీ గైడు తన జేబులోనే పెట్టుకున్నాడు. మ్యూజియం లోపలికి తాను రాలేదు, మమ్మల్ని "నలభై నిమిషాలు" అని పంపేసి బయట సిగరెట్టు వెలిగించాడు. వెలుతురు తగ్గించిన గుండ్రటి గదిలో మరణానంతరం తీసిన స్టాలిన్ ముఖపు అచ్చు దగ్గర గానీ, మెట్ల కింద అణచివేత రోజుల గురించి పెట్టిన చిన్న గది దగ్గర గానీ వివరించే మనిషి మా పక్కన లేడు. బయటకు వచ్చి రైలు పెట్టె సంగతి అడిగితే, లోపల మరమ్మతులు జరుగుతున్నాయనీ, ఈ రోజు మూసేశారనీ, వైన్ తోట వాళ్లు మా కోసం ఎదురు చూస్తున్నారనీ తొందర పెట్టాడు. నాన్న ఆ పెట్టె ఆకుపచ్చ రేకు మీద అరచెయ్యి ఆనించి ఒక నిమిషం ఉండి, "సరేలేరా, చూశాను కదా" అంటూ వ్యాను వైపు నడిచారు. ఇరవై అడుగులు వేసి అవతలి తలుపు తెరిచి ఉందో లేదో చూడాలన్న బుద్ధి అంత చదువు చదివిన నాకు పుట్టలేదు.

వైన్ తోట అంటే గోరికి దక్షిణాన ఉన్న అతేని లోయలో ఒక రైతు కుటుంబపు మరాని, అంటే వాళ్ల ఇంటి వైన్ కొట్టు, చూపిస్తామని ప్రకటనలో రాశారు. వ్యాను వెళ్లి ఆగింది హైవే పక్క దుకాణం ముందు. ఆ దేశంలో వైన్ పులియబెట్టే మట్టి కాగును క్వెవ్రి అంటారు. దాన్ని మూతి దాకా భూమిలో పాతిపెడతారు, ఆ పద్ధతికి 2013లో యునెస్కో గుర్తింపు కూడా దక్కింది. ఇక్కడ మాత్రం ఒక సిమెంటు క్వెవ్రిని గుమ్మం పక్కన పూలకుండీలా నిలబెట్టి, ఫోటోలు తీసుకోమన్నారు. మందు ముట్టని నాన్న దాన్ని వేలితో తట్టి చూసి, "ఇందులో ఏం పులుస్తుందిరా, వాన నీళ్లా?" అన్నారు. ప్లాస్టిక్ గ్లాసుల్లో మూడు గుక్కలు పోసి, "స్టాలిన్‌కు ఇష్టమైన ఖ్వాంచ్‌కారా, ఇక్కడి తోటదే" అంటూ ఒక సీసాను 95 లారీలకు అంటగట్టారు. ఖ్వాంచ్‌కారా అనే పేరు రాచా ప్రాంతపు ద్రాక్షతో చేసిన వైన్‌కే చెల్లుతుందనీ, గోరి పక్కన అది పండదనీ హోటలుకు వచ్చాక చదివాను. అదే సీసా హోటలు కింద సూపర్ మార్కెట్లో 32 లారీలకు కనిపించింది.

ఆ దుకాణంలోనే త్బిలిసిలో వైద్యం చదువుతున్న మన నల్గొండ పిల్లలు నలుగురు కలిశారు. మాటల్లో రైలు పెట్టె మూసేశారట కదా అంటే వాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. "మూసేయడమేంటి అన్నా, మేము దాని లోపలి నుంచే వస్తున్నాం" అంటూ ఒక అబ్బాయి ఫోను తీసి చూపించాడు. చెక్క గోడలు, బల్ల, నాన్న చెప్పిన ఆ స్నానాల తొట్టి, పైన టైము పన్నెండూ పది. గైడు మాకు మరమ్మతుల కథ చెప్పింది సరిగ్గా పన్నెండు గంటలకు. నాన్న ఆ ఫోటోను రెండు వేళ్లతో పెద్దది చేసి చాలాసేపు చూశారు, ఏమీ అనలేదు. ఆయన ఒక్క తిట్టు తిట్టి ఉన్నా నాకు ఇంత బాధ ఉండేది కాదు.

వెంటనే గైడును నిలదీశాను, వ్యాను వెనక్కు తిప్పమన్నాను, అరగంట కూడా పట్టదని చెప్పాను. అతను గల్లా దగ్గర దుకాణం మనిషితో ఏదో లెక్క చూసుకుంటూ, తల కూడా ఎత్తకుండా, "మీ ముసలాయనకు ఇప్పటికే స్టాలిన్ ఎక్కువైంది, కొంచెం వైన్ పట్టించండి" అన్నాడు. గల్లా వెనకున్నవాడు నవ్వాడు. ఆ ముసలాయన నా పక్కనే నిలబడి ఉన్నారు, ఆయనకు ఇంగ్లీషు బాగా వచ్చు. ముప్ఫై ఏళ్లు ఇతరుల తప్పులు దిద్దిన మనిషి. అప్పుడైనా ఆ సీసాను గల్లా మీద పెట్టి నా డబ్బు నాకు ఇవ్వమనాల్సింది, నేనేమో సంచిలో జాగ్రత్తగా సర్దుకుని వచ్చి వ్యానెక్కాను.

మరునాడు డబ్బు వాపసు అడుగుతూ జరిగినదంతా పూసగుచ్చినట్టు రాసి పంపితే, జవాబుగా బొటనవేలు ఎత్తిన బొమ్మ ఒకటి వచ్చింది. చాలా గౌరవంగా చూసుకున్నారు.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒకటి రెండు మాటలు. గోరికి త్బిలిసిలోని దిదుబే బస్టాండు నుంచి మార్ష్రుత్కా అనే షేర్ వ్యాన్లు ఉన్నాయి, మ్యూజియం టికెట్ అక్కడే కొనుక్కుని చేతిలోనే ఉంచుకోండి. వైన్ తోట ఉందంటే ఆ తోట పేరు, ఊరు ముందే రాతపూర్వకంగా అడగండి. ఏదైనా మూసేశారని గైడు చెబితే తలుపు దాకా మీరే నడిచి వెళ్లండి.