బెంగళూరులో లాయర్‌కి డబ్బు కట్టేముందు ఒక్కసారి ఇది చదవండి

మారతహళ్లి, కేఆర్ పురం వైపు ఇల్లు ఖాళీ చేశాక ఓనర్ అడ్వాన్స్ తిరిగివ్వక, లాయర్ కోసం వెతుకుతున్న మనవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్ల కోసమే ఈ పోస్ట్. నాదీ అదే గొడవ. తెలిసినవాళ్లు ఒకాయన్ని చూపించారు, చక్కగా తెలుగు మాట్లాడతాడు, మొదటిరోజే "మనోళ్లు కదండీ, నేను చూసుకుంటాగా" అన్నాడు. నోటీసుకీ కేసుకీ కలిపి 30,000 తీసుకున్నాడు, రసీదు ఊసే లేదు, వకాల్తా (మన తరఫున కేసు నడపడానికి లాయర్‌కిచ్చే అధికార పత్రం) మీద సంతకాలతో పాటు రెండు తెల్లకాగితాల మీద కూడా పెట్టమన్నాడు. తెల్లకాగితాల మీద పెట్టనన్నాను, మొహం మాడ్చుకున్నాడు.

ఆ తర్వాత నెలల తరబడి ఒకటే పాట, కేసు వేసేశాం, వాయిదా పడింది, జడ్జి గారు సెలవు. సీఎన్ఆర్ నంబర్ (ప్రతి కేసుకీ కోర్టులో వచ్చే నంబర్) ఇవ్వండి అని వెంటపడితే చివరికి వాట్సాప్‌లో ఒకటి పంపాడు. కోర్టు కేసుల వివరాలు చూపించే ఈకోర్ట్స్ యాప్‌లో కొట్టి చూస్తే ఎవరిదో చెక్ బౌన్స్ కేసు! అందులో నా పేరూ లేదు, ఓనర్ పేరూ లేదు. అడిగితే "గుమస్తా తప్పు పంపాడు" అన్నాడు. పార్టీ పేరుతో కూడా వెతికాను, అసలు కేసే లేదు.

కాబట్టి కేసు వేశాం అని ఎవరు చెప్పినా నోటిమాట నమ్మొద్దు. కేసు నమోదైతే 16 అక్షరాలు, అంకెలు కలిసిన సీఎన్ఆర్ నంబర్ వస్తుంది, కర్ణాటకవి కేఏ అని మొదలవుతాయి. అది యాప్‌లో కొడితే మీ పేరు, తర్వాతి వాయిదా తేదీ మీ కళ్లకే కనిపించాలి. "మీకెందుకండీ ఈ టెన్షన్ అంతా" అన్నాడంటే అక్కడే ఆగిపోండి. డబ్బు రాబట్టుకునే దావాకి మామూలుగా మూడేళ్ల గడువే ఉంటుంది, వీళ్లు నాన్చేకొద్దీ నష్టం మనకే.

ఫీజు మొత్తం ఒకేసారి అడిగితే ఒప్పుకోకండి. నోటీసుకి ఎంత, దావా వేయడానికి ఎంత, వాయిదాకి ఎంత, కోర్టు ఫీజు ఇందులో ఉందా లేక వేరేనా, ఇవన్నీ ఒక మెసేజ్‌లోనైనా రాయించుకుని ఆన్‌లైన్‌లోనే కట్టండి. వాయిదాకి ఆయనే వస్తాడా, జూనియర్‌ని పంపుతాడా అనేది కూడా అప్పుడే అడగాలి. ఎన్‌రోల్‌మెంట్ నంబర్ (లాయర్లని నియంత్రించే బార్ కౌన్సిల్‌లో నమోదైన నంబర్) అడగడానికి మొహమాటం అక్కర్లేదు, అసలు లాయరైతే టక్కున చెప్తాడు. ఇంకొకటి, "వచ్చినదాంట్లో 20 శాతం ఇవ్వండి చాలు" అంటూ నాకూ ఒక ఆఫర్ ఇచ్చాడు, గెలిస్తే వాటా అనే బేరం బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం చెల్లదు.

ఒరిజినల్ అగ్రిమెంట్ మాత్రం చేతికివ్వకండి, జిరాక్స్ ఇచ్చి, కోర్టులో చూపించాల్సిన రోజు మీరే పట్టుకెళ్లండి. నా కాగితాలు అడిగితే "మిగతా ఫీజు కట్టి తీసుకెళ్లు" అన్నాడు (వేయని కేసుకి మిగతా ఫీజట!). ఫీజు బాకీ ఉందని క్లయింట్ ఫైల్ ఆపుకునే హక్కు లాయర్‌కి లేదని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది. ఆ తీర్పు సంగతి మెసేజ్ పెట్టాక కాగితాలు వచ్చాయి, డబ్బు రాలేదు.

వినియోగదారుల ఫోరంకి వెళ్దాం అనుకుంటున్నారేమో, అది కుదరదు. లాయర్ల సేవలు వినియోగదారుల చట్టం కిందికి రావని 2024 మేలో సుప్రీంకోర్టు తేల్చేసింది. మిగిలింది కర్ణాటక బార్ కౌన్సిల్, అడ్వకేట్స్ చట్టం 35వ సెక్షన్ కింద ఫిర్యాదు. నేను పెట్టాను, నడుస్తోంది, అందుకే ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు, ఇన్‌బాక్స్‌లో అడిగినా చెప్పను.

ఆడవాళ్లకైతే ఆదాయంతో సంబంధం లేకుండా ప్రభుత్వ ఉచిత న్యాయ సహాయం ఉంది, ఎస్సీ, ఎస్టీలకు కూడా. 15100కి ఫోన్ చేస్తే ఎక్కడికెళ్లాలో చెప్తారు.