వెబ్లీయా, ఎన్‌ఫీల్డా?

పాత బ్రిటిష్ రివాల్వర్‌లో ఏ భాగం పోయిందో వెతికే ముందు అది వెబ్లీ మార్క్ 4నా, ఎన్‌ఫీల్డ్ నంబర్ 2నా అని తేల్చుకోవాలి. రెండూ .38 కాలిబర్, ఆరు తూటాలు, 5 అంగుళాల గొట్టం, పైనుంచి వంచి తెరిచే అమరిక. కవలల్లా ఉన్నా ఒకదాని విడిభాగాలు ఇంకొకదానికి సరిపోవు. పోలిక చూసి కొన్నవాళ్ల డబ్బు నీళ్లపాలే.

ఎన్‌ఫీల్డ్‌కు లోపలి యంత్రాంగాన్ని కప్పే పక్కపలక విడిగా ఊడివస్తుంది. వెబ్లీకి అది లేదు. 1938లో వచ్చిన ఎన్‌ఫీల్డ్ రకంలో అసలు చిక్కుంది. దాని సుత్తికి, అంటే తూటాను కొట్టి పేల్చే భాగానికి, బొటనవేలితో లాగే కొమ్ము ఉండదు. ట్యాంకులో ఎక్కడా తగులుకోకూడదని తయారీలోనే తీసేశారు. పాతవాటినీ చాలావరకు అలాగే మార్చారు. విరిగిందనుకుని కొమ్ము అతికిస్తే చరిత్రను చెరిపినట్టే.

బాగుచేయడానికి నా ఓటు ఎన్‌ఫీల్డ్‌కే. పలక తీస్తే లోపం కంటికి కనిపిస్తుంది. వెబ్లీకి ఓపిక ఎక్కువ కావాలి. ఏదైనా సరే, పిడి పలకలు కొత్తవి పెట్టవచ్చు గానీ లోహంపై చెక్కిన తయారీ ముద్రలు అరిగేలా మెరుగు పెట్టకూడదు. లోపలి పని లైసెన్సున్న నిపుణుడిదే.