399 రూపాయల రేడియేషన్ స్టిక్కరు: రెండు నెలలు వాడాక

అంబాజీపేటలో కొబ్బరికాయల కమీషన్ వ్యాపారం నాది. పొద్దున్న ఆరింటికి చెవికెక్కిన ఫోను రాత్రి భోజనాల దాకా దిగదు. కురిడీ రేటెంత, లారీ ఎక్కడి దాకా వచ్చింది, దింపు కూలీలు తోటకి చేరారా లేదా, అన్నీ అందులోనే. ఎవరో వాట్సాప్‌లో వీడియో పంపిన దగ్గర్నుంచి మా ఆవిడ ఒకటే పోరు: "ఏవండీ, చెవి అలా కాలిపోతుంటే మీకేం అనిపించదా?" ఆ పోరు పడలేక రాజమండ్రి ఎగ్జిబిషన్లో ఈ స్టిక్కరు కొన్నాను. రూపాయి బిళ్ళంత ఉంటుంది, రాగి రంగు. వెనకాల అంటిస్తే రేడియేషన్ 99 శాతం ఆగిపోతుందని డబ్బా మీద రాసుంది.

స్టాల్ కుర్రాడు మంచి మాటకారి. ఓ కీప్యాడ్ ఫోనులో నంబరు కొట్టి, పక్కన చిన్న మీటరు పెట్టాడు. ఎర్ర లైటు వెలిగి కుయ్యిమంది. స్టిక్కరు అంటించి మళ్ళీ పెట్టాడు. పచ్చ లైటు. "చూశారా బాబాయ్ గారూ, ఆగిపోయిందండి, ఆయ్!" డబ్బులు తీసిచ్చాను.

ఇంటికొచ్చాక టవర్ల మెయింటెనెన్స్ చేసే మా మేనల్లుడికి ఈ సంగతి చెబితే పడీ పడీ నవ్వాడు. "మావయ్యా, కాల్ కలిసేటప్పుడు ఆ ఫోను జోరుగా పంపుతుంది, కలిశాక తగ్గించుకుంటుంది. వాడు మొదటిసారి ముందు పెట్టాడు, రెండోసారి తర్వాత పెట్టాడు. స్టిక్కరు లేకపోయినా పచ్చ లైటే వచ్చేది." గుర్తు చేసుకుంటే నిజమే. పైగా రెండోసారి మీటరు ఓ జానెడు ఎడంగా పట్టుకున్నాడు.

అయినా నా పరీక్ష నేను చేద్దామని, రేడియేషన్ అంకె చూపించే నంబరు ఫోనులో కొట్టాను: స్టార్, హ్యాష్, 07, హ్యాష్. తలకి 1.08, ఒంటికి 0.74 అని వచ్చింది. స్టిక్కరు పీకి కొట్టినా అదే. దొరికాడు దొంగ అనుకున్నాను కానీ, దానిక్కూడా మేనల్లుడి చేత చీవాట్లు తిన్నాను. అది అప్పటికప్పుడు కొలిచే అంకె కాదట. ద్రవం నింపిన బొమ్మ తల పక్కన ఫోను పెట్టి, ఫుల్ పవర్ మీద నడిపించి, ఒంట్లోకి ఎంత ఇంకుతుందో ల్యాబ్‌లో కొలిచి రాసిపెట్టిన లెక్క. దాన్నే సార్ విలువ అంటారు. మన దేశంలో 2012 సెప్టెంబరు 1 నుంచి ఇది కిలోకి 1.6 వాట్లు దాటకూడదు, అదీ ఒక గ్రాము కండ మీద సగటున. అమెరికా లెక్క కూడా ఇదే. అంతకు ముందు మనది యూరప్ పద్ధతి: పది గ్రాముల మీద 2 వాట్లు. అంటే నా ఫోను స్టిక్కరు లేకుండానే హద్దులో ఉంది.

నాకు బాగా ఎక్కిన మాట ఇంకోటుంది. స్టిక్కరు నిజంగా 99 శాతం ఆపేస్తే ఇక కాల్ ఎలా వెళ్తుంది? కొంత ఆపినా, టవరుకి అందడం లేదని ఫోను ఇంకా గట్టిగా అరుస్తుంది. ఇది నాకు అనుభవమే. పి.గన్నవరం దాటి లంకల్లో తోట చూడ్డానికి వెళ్తే సిగ్నల్ ఒక్క గీతే ఉంటుంది, మధ్యాహ్నానికల్లా బ్యాటరీ ఖాళీ. మా వీధిలో టవరు తీసేయాలని సంతకాలు సేకరించిన పెద్దమనిషికి, టవరు దూరమైతే ఫోను ఇంకా గట్టిగా అరుస్తుందని చెబితే నాతో రెండు రోజులు మాట్లాడలేదు. అన్నట్టు, చెవి కాలడానికి ముఖ్య కారణం బ్యాటరీ, లోపలి ప్రాసెసర్ వేడేనట.

మా ఆవిడ భయం ఉత్తదే అని మాత్రం అనను. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ తరంగాలని 'కారణం కావచ్చేమో' అనే 2బీ జాబితాలో పెట్టింది. కలబంద ఆకు మొత్తాన్ని పిండి తీసిన రసం కూడా అందులోనే ఉంది. తేలేదాకా కాస్త ఎడంగా ఉంచుకుంటే పోయిందేముంది? ఫోను ఒంటికి కొంచెం దూరం జరిగినా పడే మోతాదు బాగా తగ్గిపోతుంది.

అందుకని బస్టాండ్ దగ్గర 90 రూపాయలు పెట్టి వైరు ఇయర్‌ఫోను కొన్నాను. ఫోను చొక్కా జేబులో కాకుండా గల్లాపెట్టె మీద ఉంటోంది. స్పీకరు పెట్టుకోవచ్చు కదా అంటారేమో. నేను చెప్పే రేటు పక్క కొట్టు వాళ్ళు వినాలా? వైరు ఒకసారి కాటాకి తగులుకుని తెగింది, ఇది రెండోది. దీనికి అయిదుకి నాలుగు మార్కులు.

స్టిక్కరుకి ఒకటి, అదీ జిగురుకి. రెండు నెలల చెమటకీ వానకీ ఊడలేదు. మొన్న గోటితో గీకి పీకేస్తే గుండ్రంగా మరక మిగిలింది. కొబ్బరినూనె రాసి గుడ్డతో తుడిస్తే పోయింది.