గెలిచామనుకున్న ఆ ఒక్క రాత్రి: ‘హేలో: రీచ్’తో పదమూడేళ్లు

2010 సెప్టెంబరులో ఎక్స్‌బాక్స్ 360 అనే వీడియో ఆటల యంత్రం మీద విడుదలై, 2019 డిసెంబరులో కంప్యూటర్‌కు కూడా వచ్చిన ఆటకు ఇప్పుడు సమీక్ష రాయడమేమిటని ఎవరైనా అడిగితే నా దగ్గర గట్టి జవాబేమీ లేదు. అందులో ఏయే తుపాకులున్నాయో, కవచానికి ఏయే శక్తులున్నాయో, స్నేహితులతో కలిసి ఆడే పోటీలు ఎలా ఉంటాయో ఆసక్తి ఉన్నవారందరికీ ఎప్పుడో తెలుసు కనుక వాటి జోలికి వెళ్లను. 2012 నుంచి ఇప్పటి వరకు ‘హేలో: రీచ్’ కథను మొదటి నుంచి చివరి దాకా తొమ్మిది సార్లు ఆడినవాడిగా నేను చెప్పదలచుకున్నది ఒకే ఒక్క విషయం గురించి: ఒక గ్రహం మీద శత్రువు చడీచప్పుడు లేకుండా వచ్చి పడటాన్ని ఈ ఆట చూపించిన తీరు. దాని మీద నాకు విపరీతమైన ఇష్టం. ఆ ఇష్టంలో కొంత భాగం ఆటకు చెందదని ఈమధ్యనే తెలిసింది కానీ, ఆ సంగతికి తరువాత వస్తాను.

ముందుగా ఒక చిక్కు ఉంది. రీచ్ గ్రహం చివరకు పడిపోతుందని ఆట కొన్న ప్రతివాడికీ తెలుసు. 2001లో వచ్చిన మొదటి ‘హేలో’ మొదలయ్యేదే రీచ్ నుంచి తప్పించుకుని పారిపోతున్న ఓడలో. తయారు చేసిన బంజీ సంస్థ కూడా ఆ సంగతిని దాచలేదు. ముగింపు మొదటే తెలుసునన్నదే ఈ ఆట ప్రచార వాక్యం. తెర మీద కనిపించే మొట్టమొదటి దృశ్యం కూడా మాడిన నేల మీద పడి ఉన్న పగిలిన హెల్మెట్, అదీ మనం ఆడబోయే సైనికుడిది. ఇంత చెప్పేశాక ఇక ఆశ్చర్యపరిచేది ఏముంటుంది? మా ఊళ్లో బుర్రకథ చెప్పించినప్పుడు కారంపూడికి కదిలిన బాలచంద్రుడు తిరిగి రాడని చిన్నపిల్లలకు సైతం తెలుసు, అయినా కథకుడు తంబురా దించే వరకు ఎవరూ లేచి వెళ్లేవారు కారు. రీచ్ విషయంలో నా అనుభవం దానికి దగ్గరగానే ఉంటుంది, అయితే ఒక తేడా ఉంది. బుర్రకథలో శత్రువు ఎవరో, ఎంత బలగంతో ఉన్నాడో మొదటే చెప్పేస్తారు, ఇక్కడ ఆ లెక్క చివరి వరకు తేలదు.

కథాకాలం 2552 జూలై 24న మొదలవుతుంది. మానవులకూ, అనేక గ్రహాంతర జాతులు మతం పేరిట కలిసి ఏర్పడిన కోవెనెంట్‌కూ మధ్య అప్పటికే ఇరవై ఏడేళ్లుగా యుద్ధం నడుస్తోంది, కానీ రీచ్ మీద మాత్రం శత్రువులెవరూ ఇంకా అడుగు పెట్టలేదు. ఎప్సిలాన్ ఎరిడాని అనే నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహంగా దీన్ని కల్పించారు. ఆ నక్షత్రం నిజంగానే ఉంది, మనకు పదిన్నర కాంతి సంవత్సరాల దూరంలో. మానవ సైన్యానికి అంతటి ముఖ్యమైన స్థావరంలో విషెగ్రాడ్ అనే చోట ఒక సమాచార కేంద్రం ఉన్నట్టుండి మూగబోతుంది. స్థానిక తిరుగుబాటుదారుల పనే అయి ఉంటుందని అందరి అనుమానం, అందుకే నోబుల్ అనే చిన్న దళాన్ని చూసి రమ్మని పంపుతారు. ఆ మొదటి పావుగంటలో దాదాపు ఏ పోరాటమూ ఉండదు. కొండలూ, పొలాలూ, ఖాళీ ఇళ్లూ, దూరంగా పరుగెత్తే మోవా అనే పెద్ద పక్షులూ తప్ప మరేమీ కనిపించవు.

నాకు అన్నిటికంటే నచ్చిన చిన్న ఘట్టం ఇక్కడే ఉంది. ఒక ఇంటి దగ్గర కొందరు రైతులు ఎదురవుతారు. వారు మాట్లాడే భాష ఇంగ్లీషు కాదు, హంగేరియన్. దళంలో జార్జ్ అనే భారీకాయుడు ఒక్కడికే ఆ భాష వచ్చు, ఎందుకంటే అతడు పుట్టింది ఆ గ్రహం మీదే. రైతు గుక్కతిప్పుకోకుండా ఏదో చెబుతాడు, జార్జ్ విని తన నాయకుడు కార్టర్‌కు అనువదిస్తాడు. పొలాల్లో ఉన్నదేదో అతని కొడుకును చంపిందట. “తిరుగుబాటుదారులు” అని రైతు అనడు, “పొలాల్లో ఉన్నదేదో” అంటాడు. ఇంగ్లీషు ఆటల్లో గ్రామస్థులు సైతం అమెరికన్ యాసలో మాట్లాడటానికి అలవాటు పడిన నాకు, ఐదు వందల ఏళ్ల తరువాతి కాలంలో, భూమికి అంత దూరంలో, ఒక రైతు తన భాషలోనే తన కొడుకు చావు చెప్పుకోవడం గుండెను తాకింది. ఆ గ్రహం ఎవరిదో తెలియడానికి ఆ నాలుగు మాటలే సరిపోయాయి.

ఆ తరువాత ఆట చేసే పని, మనం వేసిన లెక్కను ప్రతిసారీ తప్పు చేయడం. తిరుగుబాటుదారులనుకున్న చోట కోవెనెంట్ ముందస్తు దళం కనిపిస్తుంది. ఆ దళాన్ని అణచామని ఊపిరి పీల్చుకుంటే, పరికరాలకు ఏమీ కనిపించని ఒక చీకటి ప్రాంతంలోకి జూన్ అనే గురికాడితో కలిసి రాత్రిపూట వెళ్లవలసి వస్తుంది. అక్కడ తెల్లవారుజామున కొండ మీది నుంచి చూస్తే కింద ఉన్నది ఒక దళం కాదు, దండయాత్రకు సిద్ధంగా బారులు తీరిన మహాసైన్యం. ఆ సైన్యానికి అండగా ఉన్న స్తంభాన్ని కూల్చేసరికి, అంతవరకు మనకు కనబడకుండా ఉన్న పాతిక కిలోమీటర్లకు పైగా పొడవైన ఓడ ఒకటి ఆకాశంలో తేలి, మనకు సాయం వచ్చిన యుద్ధనౌకను ఒక్క దెబ్బతో ముక్కలు చేస్తుంది. శత్రువు రావడం కాదు, ఎప్పుడో వచ్చి కూర్చున్నాడని తెలియడమే ఇక్కడి భయమంతా.

ఇక నా కథ. 2012 వేసవిలో హైదరాబాదులో ముగ్గురం కలిసి ఒక గది అద్దెకు తీసుకుని ఉండేవాళ్లం. మాలో పెద్దవాడిని అన్నా అని పిలిచేవాళ్లం. ఆట, ఎక్స్‌బాక్స్ రెండూ ఆయనవే, ఆయన ఎప్పుడో పూర్తి చేసేశాడు. ఆ రోజుల్లో కరెంటు కోతలు ఎంత ఎక్కువో ఆ వేసవిని చూసినవారికి చెప్పనవసరం లేదు. పేపర్లో వేసిన వేళలు ఒకటి, తీసేసే వేళలు ఒకటి. ఒక శనివారం రాత్రి పదకొండు దాటాక ఐదో ఘట్టం చివరికి వచ్చాను. ఆ మహానౌకను నేల మీది నుంచి కొట్టడం కుదరదు కనుక, చిన్న విమానాల్లో అంతరిక్షంలోకి వెళ్లి, శత్రువుకే చెందిన ఒక చిన్న ఓడను పట్టుకుని, అందులో బాంబు పెట్టి, ఇంధనం కోసం వచ్చినట్టుగా మహానౌక పక్కకు చేర్చాలి. చేర్చాం. టైమర్ చెడిపోయింది. ఎవరో ఒకరు అక్కడే ఉండి చేత్తో పేల్చాలి. జార్జ్ నన్ను ఎత్తి ఓడలోంచి శూన్యంలోకి విసిరేసి తాను ఉండిపోయాడు. నేను గ్రహం వైపు జారిపోతూ ఉండగా వెనుక బాంబు పేలింది, మహానౌక నడుమును ఎవరో కొరికి తీసినట్టుగా మధ్యభాగం మాయమైంది.

సరిగ్గా ఆ క్షణాన కరెంటు పోయింది.

టీవీ ఆరింది, ఫ్యాను ఆగింది, వీధి మొత్తం చీకటైంది. ఇద్దరం, అంటే నేనూ నా వయసువాడే అయిన మరో మిత్రుడూ, ఆ చీకట్లోనే చప్పట్లు కొట్టాం. ఉక్కకు తాళలేక చాపలు తీసుకుని డాబా ఎక్కాం. అన్న అప్పటికే అక్కడ పడుకుని దోమలను కొట్టుకుంటున్నాడు. “అన్నా, గెలిచేశాం, జార్జ్ పోయాడు కానీ ఓడ ముక్కలైపోయింది” అని చెప్పాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తరువాత “అయితే జార్జ్ చావు ఊరికే పోలేదంటావు” అని మాత్రం అని అటు తిరిగి పడుకున్నాడు. ఆ గొంతులో నవ్వు ఉందని నాకప్పుడు తట్టలేదు. రీచ్ పడిపోతుందన్న సంగతి తెలిసినవాణ్ని అయి ఉండి కూడా, ఆ రాత్రంతా దాన్ని మరిచిపోయాను. పడిపోవడానికి ఇంకేదో కారణం ఉంటుందిలే, ఇంకో ఏడాది పడుతుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నట్టు గుర్తు. జార్జ్ గురించీ, హంగేరియన్ మాట్లాడిన ఆ రైతు గురించీ మేమిద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం.

కరెంటు తెల్లవారుజామున వచ్చింది కానీ నేను మళ్లీ కూర్చునేసరికి ఆదివారం మధ్యాహ్నమైంది. ఆ ఘట్టంలో కొంత భాగం తిరిగి ఆడవలసి వచ్చింది, విసుక్కుంటూనే ఆడాను. బాంబు పేలింది, మహానౌక నడుము మాయమైంది. ఆ తరువాత, కోతకు బలైపోయిన ఆ కొన్ని క్షణాల్లో ఏముందో అప్పుడు చూశాను. ప్రశాంతమైన ఆడగొంతుతో కంప్యూటర్ సహాయకురాలు, స్లిప్‌స్పేస్‌లో చీలిక కనిపించిందని చెబుతుంది. అంటే కాంతిని మించిన వేగంతో ఎక్కడి నుంచో ఒక ఓడ వచ్చిందని అర్థం. మళ్లీ అదే మాట చెబుతుంది. మళ్లీ. మళ్లీ. ఒక మాట ముగియకముందే మరొకటి మొదలవుతూ ఉండగా, గ్రహం మీదికి జారిపోతున్న మన చుట్టూ ఆకాశం ఓడలతో నిండిపోతుంది. జార్జ్ చంపింది వచ్చిన దండును కాదు, రాబోయే దండుకు దారి చూసిన ఒక్క ఓడను. అతడికి ఆ సంగతి తెలియదు. ఒక రాత్రీ ఒక పగలూ అతడి నమ్మకంతోనే గడిపిన నాకు కూడా అప్పటిదాకా తెలియదు. వెనక్కి తిరిగి చూస్తే గడప దగ్గర అన్న టీ గ్లాసుతో నిలబడి ఉన్నాడు. అంతకుముందు రాత్రి ఎందుకు చెప్పలేదని అడిగితే, “నాకైతే ఇరవై సెకన్లు కూడా దక్కలేదు, నీకు ఒక రాత్రి దక్కింది కదా” అన్నాడు.

ఆ తరువాత పదేళ్ల పాటు ఈ ఆటను ఎవరికి పరిచయం చేసినా ఆ ఘట్టం గురించే చెప్పాను. ఆకస్మిక దాడిని ఇంత బాగా చూపించిన ఆట మరొకటి లేదని నొక్కి వక్కాణించాను. 2023లో మా మేనల్లుడు నా కంప్యూటర్ మీద అదే ఆట ఆడుతుంటే పక్కన కూర్చున్నాను. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది, కంప్యూటర్‌కు యూపీఎస్ ఉంది. బాంబు పేలింది, వెంటనే ఓడలు వచ్చాయి, వాడు “ఓ, ఇంకా ఉన్నాయా” అని మంచినీళ్లు తాగడానికి లేచాడు. వాడిని తప్పుపట్టలేను. రెండు దెబ్బల మధ్య ఆట ఇచ్చే వ్యవధి అంతే. గెలిచామని నమ్మడానికి చాలదు. నేను పదేళ్లుగా ఆటకు కట్టబెడుతూ వచ్చిన పొగడ్తలో సగం నిజానికి విద్యుత్ కోతకు చెందుతుందని ఆ రోజు ఒప్పుకోక తప్పలేదు.

అలా ఒక రాయి కదిలాక మిగతావి కూడా కనిపించసాగాయి. పాతిక కిలోమీటర్ల ఓడ అన్ని రోజులు ఎవరి కంటా పడలేదనడానికి ఆట చెప్పే కారణం కొంత తేలికైనదే. ఆటలో మన సహచరులకు పోరాటంలో ఎన్ని గుళ్లు తగిలినా ఏమీ కాదు, కథకు అవసరమైన చోట మాత్రం ఒక్క గుండుకే ఒరిగిపోతారు. న్యూ అలెగ్జాండ్రియా నగరంలో మన దళంలోని క్యాట్ మరణం అలాంటిదే. యుద్ధంలో చావు అలాగే వస్తుందని మొదట్లో దాన్ని సమర్థించేవాడిని, ఇప్పుడు సగమే సమర్థిస్తాను. సహచరులను డ్రైవరు సీటులో కూర్చోబెట్టే పొరపాటు మాత్రం ఎవరూ చేయవద్దు. రీచ్ గ్రహానికి కోవెనెంట్ వల్ల ఎంత ప్రమాదమో వారి డ్రైవింగు వల్ల మనకు అంత ప్రమాదం. ఇన్నేళ్ల తరువాత కూడా తగ్గనిది చివరి ఘట్టం. అక్కడ మనకు ఇచ్చే లక్ష్యం ప్రాణాలతో ఉండటం ఒక్కటే, అది నెరవేరని లక్ష్యం. దెబ్బ తగిలిన కొద్దీ హెల్మెట్ అద్దం మీద బీటలు పెరుగుతూ పోయి, మొదటి దృశ్యంలో చూసిన ఆ హెల్మెట్ ఎలా అక్కడికి చేరిందో మన చేతుల మీదుగానే తెలుస్తుంది. అక్కడ కరెంటు సాయం అవసరం పడలేదు.

కొనవచ్చా అని అడిగితే నా జవాబు అడిగేవారి ఇంటిని బట్టి మారుతుంది. ఒంటరిగా, రాత్రిపూట, మంచి హెడ్‌ఫోన్లతో ఆడగలిగినవారికి తప్పకుండా ఆడమని చెబుతాను, ఎందుకంటే ఈ దండయాత్ర సగం చెవుల ద్వారానే వస్తుంది. మా ఇంట్లో ఇప్పుడు నాలుగేళ్ల పాప నిద్రపోయాక, ధ్వని బాగా తగ్గించి, కింద అక్షరాలు చదువుకుంటూ ఆడవలసి వస్తోంది. అలా ఆడితే ఆ ఆడగొంతు మళ్లీమళ్లీ చెప్పే మాట ఒక వరుసలో రాలిపడే అక్షరాలుగా మిగిలిపోతుంది. ఇంటర్నెట్‌లో ఇతరులతో పోటీపడి ఆడటం నాకు ఏనాడూ చేతకాలేదు కనుక ఆ భాగం గురించి నా మాట లెక్కలోకి తీసుకోనక్కరలేదు. ఇరవై ఏళ్ల లోపువారికి బొమ్మలు కాస్త పాతబడినట్టు అనిపించవచ్చు, మా మేనల్లుడికి అనిపించింది.

కిందటి నెలలో తొమ్మిదోసారి ఆడుతూ ఒక ప్రయోగం చేశాను. మహానౌక నడుము మాయమైన క్షణాన నేనే పాజ్ నొక్కి, గదిలో దీపం ఆర్పి, బాల్కనీలోకి వెళ్లి నిలబడ్డాను. వీధి దీపాలన్నీ వెలుగుతున్నాయి, ఎదురింటి టీవీ మోగుతోంది. రెండు నిమిషాలు గడిచాక సెలవులకు వచ్చిన మేనల్లుడు తలుపు దగ్గరకు వచ్చి, “మామయ్యా, హ్యాంగ్ అయిందా?” అని అడిగాడు.