20 లీటర్ల వాటర్ టిన్ను: నీళ్లకు మార్కులు, టిన్నుకు కోత

రొయ్యల చెరువులున్న ఊళ్లలో బోరు నీళ్లు నోట పెట్టలేనంత ఉప్పగా ఉంటాయి. పొద్దున్నే ఆటోలో వచ్చే టిన్ను నీళ్లకు రుచిలో వంక పెట్టలేం, నీళ్లను వడకట్టే ఆర్వో ప్లాంటు ఆ ఉప్పును చాలావరకు తీసేస్తుంది. అయితే టిన్ను తెచ్చే కుర్రాడు మీటరు ముంచి చూపించే అంకె ఉప్పు లెక్కే. విరేచనాలు తెచ్చే క్రిమి ఆ మీటరుకు చిక్కదు.

లోపం టిన్నులో ఉంది. ఆర్వోకి ముందుండే కార్బన్ ఫిల్టరు క్లోరిన్‌ను పీల్చేస్తుంది. కుళాయి నీళ్లలో కనీసం లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. ఈ నీళ్లలో అది ఉండదు. ప్లాంటు దాటాక ఏది చేరినా అడ్డే లేదు. పైగా మూతి ఇరుకు, చెయ్యి దూరదు. కాసిని నీళ్లు పోసి గిలకరించి మళ్లీ నింపేస్తే లోపలి జిగట పొర అలాగే ఉంటుంది. మూతి లోపలి అంచున వేలు రాయండి, జారితే వెనక్కి పంపండి.

ఇక ధర. ఇంటికి తెచ్చిస్తే 20 రూపాయలనుకుంటే, రోజుకొకటి చొప్పున నెలకు 600. 2024–25లో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ రోజు కూలి 300, అంటే రెండు రోజుల పని. మేడలో టిన్ను ఒక్కరోజే. కాలవగట్టు ఇంట్లో అదే మూడు రోజులు. బిందెలో వంచుకుని చెంబు ముంచుతారు. గిన్నెలు తోమేదీ, పిల్లల చేతులు కడిగేదీ కాలవ నీళ్లతోనే. ఆ ఇళ్లవాళ్లకు శుభ్రత తెలియదనడం తేలిక, నీళ్లు పొదుపు చేస్తే చేతులు కడగడమే ముందు తగ్గుతుంది. వేసవిలో కాలవలు కట్టేసి మంచినీళ్ల చెరువు అడుగంటితే మరీను.

ఉప్పు లేని ఊళ్లో ఈ టిన్ను కంటే క్లోరిన్ బిళ్లే మేలు. 0.5 గ్రాముల బిళ్ల ఒకటి 20 లీటర్లకు, అరగంట ఆగి తాగాలి. నీళ్లు బురదగా ఉంటే ముందు పటికో, చిల్లగింజో వేసి తేర్చి వడకట్టాలి, లేకపోతే క్లోరిన్‌ను బురదే తినేస్తుంది. తేరినంత మాత్రాన క్రిమి చావదు, బిళ్ల మానకూడదు. కుళాయి ఉన్న డ్రమ్ము కొనండి, దాంతో చెంబు ముంచే పని తప్పుతుంది.

ఉప్పు ఊళ్లలో బిళ్ల ఉప్పు తియ్యదు, టిన్నే గతి. అక్కడ అడగాల్సింది ఒకటే: టిన్నును బ్లీచింగ్ నీళ్లతో ఎన్నాళ్లకోసారి కడుగుతారు? టిన్ను నీళ్లకు నా మార్కులు: 5కి 3.