ఇనుప ఉల్కల సేకరణ: నిండు ముద్ద మేలా, కోసిన పలక మేలా?

117 గ్రాముల ఇనుప ఉల్కను రెండు రూపాల్లో కొనొచ్చు. ముద్దగా తీసుకుంటే అన్ని వైపులా రెండున్నర సెంటీమీటర్లుండే గడ్డ చేతికొస్తుంది. పలకగా తీసుకుంటే 10 సెంటీమీటర్ల పొడవు, 5 సెంటీమీటర్ల వెడల్పు, 3 మిల్లీమీటర్ల మందం ఉన్న ముక్క వస్తుంది. ఘన సెంటీమీటరుకు 7.8 గ్రాముల చొప్పున చూస్తే రెండింట్లోనూ ఉన్నది అదే 15 ఘన సెంటీమీటర్ల లోహం. తేడా అంతా ఉపరితలంలో ఉంది. ముద్దకు సుమారు 37 చదరపు సెంటీమీటర్లయితే పలకకు 109. చూడ్డానికి మూడింతలు, తుప్పు పట్టడానికీ మూడింతలే.

అందుకే మొదటి నమూనాగా ముద్దనే తీసుకోమంటాం. పొడిగా దాచే ఏర్పాటు కుదిరాక పలక జోలికి వెళ్లొచ్చు. అయితే ఏ ముద్ద, ఏ పలక అన్నది రూపం కన్నా పెద్ద ప్రశ్న.

ముద్దలో ఏముంటుంది

ముద్ద మీద కనిపించేది ఉల్క గాలిలో చేసిన ప్రయాణం. వాతావరణంలో కరిగి, కోసుకుపోయిన చోట్ల తడిమట్టిని బొటనవేలితో నొక్కినట్టు గుంతలు పడతాయి. వీటిని రెగ్మగ్లిప్టులంటారు. ఇవి చూడాలంటే సిఖోటె-అలిన్‌ను మించింది లేదు. 1947 ఫిబ్రవరి 12న సోవియట్ దూరప్రాచ్యంలో అందరూ చూస్తుండగా పడింది. 20 టన్నులకు పైగా ఏరారు కాబట్టి ఇప్పటికీ దొరుకుతోంది.

ఇందులోనూ రెండు రకాలున్నాయి, అమ్మేవాళ్లు ఆ తేడా ఎప్పుడూ గట్టిగా చెప్పరు. ఆకాశంలో ఎత్తునే విడిపోయి, విడిగా కరుగుతూ దిగినవి 'ఇండివిడ్యువల్స్'. వాటికి గుండ్రటి అంచులు, గుంతలు ఉంటాయి. కొన్నింటికి ముందువైపు నుంచి వెనక్కి కరిగి పారిన సన్నటి గీతలు, అంచు చుట్టూ మడత కూడా కనిపిస్తాయి. నేలను గుద్దుకుని పగిలినవి 'ష్రాప్నెల్'. అవి మెలితిరిగి, చీరుకుపోయి, పదునైన అంచులతో ఉంటాయి. ష్రాప్నెల్ చవక. ప్రయాణపు గుర్తులు కావాలంటే ఇండివిడ్యువల్ తీసుకోవాలి, చిన్నదైనా సరే. 30 గ్రాముల మంచి ఇండివిడ్యువల్ 200 గ్రాముల ష్రాప్నెల్ కన్నా ఎక్కువ విషయం చెబుతుంది.

పై రంగు కూడా చూసుకోవాలి. పడిన కొద్ది కాలానికే ఏరినవాటి మీద నీలి-బూడిద రంగు కరుగుపొర మిగిలి ఉంటుంది. దశాబ్దాల తర్వాత మట్టిలోంచి తవ్వినవి గోధుమ రంగుకు తిరుగుతాయి. వాటిని తీగ బ్రష్షుతో రుద్ది వెండిలా మెరిపించి అమ్ముతుంటారు. మెరుపు బాగుంటుంది కానీ అసలు పొర పోయిందనే దానర్థం. ఒకటే ధర చెబితే మెరిసేది వదిలేసి మసకగా ఉన్నదే తీసుకోవడం మేలు.

అర్జెంటీనాకు చెందిన కాంపో డెల్ సియెలో బరువు లెక్కన అన్నింటికన్నా తేలిగ్గా అందుబాటులో ఉండే ముద్ద. 1576 నుంచే స్పానిష్ రికార్డుల్లో ఉంది. కానీ నాలుగైదు వేల ఏళ్లు నేలలో ఉన్నందువల్ల కరుగుపొర ఉండదు. దాని మీద కనిపించే గుంతల్లో చాలావరకు నేల తినేసినవే. కాన్యన్ డయాబ్లో సంగతి వేరు. అరిజోనాలో సుమారు 50,000 ఏళ్ల క్రితం 1.2 కిలోమీటర్ల గొయ్యి తవ్విన ఉల్క ఇది. దీని గంధక ఇనుప గడ్డల్లోని సీసాన్ని కొలిచే క్లెయిర్ ప్యాటర్సన్ అనే శాస్త్రవేత్త 1956లో భూమి వయసు 455 కోట్ల ఏళ్లని తేల్చాడు. పొడి నేలలో ఉండటం వల్ల కాంపో కన్నా సాధారణంగా నిలకడైనది. కథా బరువూ రెండూ కావాలంటే మా ఓటు దీనికే.

పలకలో ఏముంటుంది

పలక లోపలి సంగతి చూపిస్తుంది. తక్కువ నికెల్ ఉన్న కామసైటు, ఎక్కువ నికెల్ ఉన్న టీనైటు అనే రెండు ఇనుము-నికెల్ మిశ్రమాలు పది లక్షల ఏళ్లకు కొన్ని పదుల నుంచి కొన్ని వేల డిగ్రీల చొప్పున చల్లబడుతూ విడిపోవడం వల్ల ఏర్పడిన అల్లిక అది. విడ్మన్‌స్టాటెన్ అల్లిక అంటారు. కోసిన ముఖాన్ని సానబట్టి ఆమ్లం పూస్తే ఇది తేలుతుంది. ఏ కర్మాగారంలోనూ ఇంత నెమ్మదిగా చల్లార్చలేరు.

అయితే ప్రతి ఇనుప ఉల్కా కోస్తే బాగుండదు. అల్లికలోని కామసైటు పట్టీల వెడల్పు చూసి కొనాలి. నమీబియాలో దొరికిన గిబియన్, స్వీడన్‌లో దొరికిన మ్యూయోనియోనలుస్టా పట్టీలు సుమారు 0.3 మిల్లీమీటర్లు. చిన్న పలకలోనే అల్లిక మొత్తం పడుతుంది. కాన్యన్ డయాబ్లోలో 2, కాంపోలో 3 మిల్లీమీటర్లు. వీటిలో అల్లిక మొత్తం పడాలంటే అరచేయంత ముఖం కావాలి. సిఖోటె-అలిన్‌లో సుమారు 9 మిల్లీమీటర్లు. 4 సెంటీమీటర్ల పలకలో అల్లిక అన్నదే కనబడదు. మహా అయితే దెబ్బ తగిలినప్పుడు పడిన న్యూమన్ గీతలు కనిపిస్తాయి. ముద్దగా అంత గొప్పది, చిన్న పలకగా దాదాపు వృథా. నికెల్ 16 శాతం దాటిన హోబా, చింగా లాంటివి ఆమ్లం పూసినా కంటికి సాదాగానే ఉంటాయి.

కోసిన దిక్కును బట్టి కూడా అందం మారుతుంది. ఒక దిక్కున కోస్తే పట్టీలు నిలువూ అడ్డంగా లంబంగా ఖండించుకుంటాయి. మరో దిక్కున కోస్తే 60 డిగ్రీల కోణాలతో త్రికోణాలు కడతాయి. చాలా పలకలు ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంటాయి. అందులో లోపం లేదు.

పలక గ్రాము ధర ఎక్కువ ఎందుకంటే రంపం తినేస్తుంది. బ్యాండ్ రంపం 1 మిల్లీమీటరు కోతతో 3 మిల్లీమీటర్ల పలకలు తీస్తే నాలుగో వంతు పొడైపోతుంది. 0.3 మిల్లీమీటర్ల తీగ రంపంతో అయితే పదో వంతు కన్నా కొంచెం తక్కువ. కాన్యన్ డయాబ్లోను సొంతంగా కోయాలనుకునేవాళ్లకు ఒక మాట: అందులో కోహెనైటు అనే ఇనుప కార్బైడ్ ఖనిజం గట్టిగా ఉంటుంది, అక్కడక్కడా వజ్రపు రేణువులు కూడా ఉంటాయి. 1891లో దాన్ని కోయబోయినవాళ్ల సాన చక్రాలు పాడవడం వల్లే ఆ వజ్రాల సంగతి బయటపడింది.

తుప్పు దగ్గరే తీర్పు మారుతుంది

అల్లికలో గిబియన్‌కూ మ్యూయోనియోనలుస్టాకూ పెద్ద తేడా లేదు. రసాయన కూర్పును బట్టి చేసే వర్గీకరణలో రెండూ ఒకే ఐవీఏ వర్గం. కానీ నమీబియా ఎండు నేలలో ఉన్న గిబియన్ ఏళ్ల తరబడి చెక్కుచెదరదు. స్వీడన్ ఉత్తరాన తడి మట్టిలో ఉన్న మ్యూయోనియోనలుస్టా మెరుగు పెట్టిన కొన్ని వారాలకే అంచుల్లో గోధుమ చుక్కలు వేయొచ్చు. కారణం క్లోరైడ్. ఒకప్పుడు ఉల్కలోనే లారెన్సైటు అనే ఖనిజం ఉంటుందని, అదే తుప్పు తెస్తుందని అనుకునేవారు. బుక్వాల్డ్, క్లార్క్ అనే పరిశోధకులు 1989లో చూపించింది వేరు: క్లోరైడ్ భూమి నీటి నుంచే పగుళ్లలోకి చేరి అకగనైటు అనే తుప్పు ఖనిజంలో దాక్కుంటుంది. తేమ తగలగానే మళ్లీ పని మొదలెడుతుంది. కాబట్టి ఉల్క ఏ వర్గానిదో తెలిస్తే చాలదు, ఏ నేలలో ఎంతకాలం పడుందో చూడాలి. చైనాలోని నాన్‌టాన్ పేరు మోసిన తుప్పు ముద్ద. పెచ్చులూడి సగమయ్యే ముక్కలూ ఉంటాయి. మొదటిసారి కొనేవాళ్లు దాని వైపు చూడకపోవడమే మంచిది.

ముద్ద చెమరిస్తే, అంటే పసుపు-గోధుమ బొట్లు పైకి వస్తే, ఇలా చేయాలి. లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో 20 గ్రాముల సోడియం హైడ్రాక్సైడ్ కలిపి ప్లాస్టిక్ డబ్బాలో ముక్కను ముంచాలి. అల్యూమినియం గిన్నె వాడితే గిన్నే కరుగుతుంది. చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. వారానికోసారి ద్రవం మార్చాలి. ఎప్పుడు ఆపాలో తెలియాలంటే కొంచెం ద్రవం తీసి, ముందు నైట్రిక్ ఆమ్లంతో ఆమ్లగుణం వచ్చేదాకా కలిపి, ఆ తర్వాత సిల్వర్ నైట్రేట్ చుక్క వేయాలి. తెల్లగా మబ్బు పట్టకపోతే క్లోరైడ్ బయటికి రావడం దాదాపు ఆగినట్టే. ముందు ఆమ్లం కలపకపోతే గోధుమ రంగు అవక్షేపం వచ్చి మోసపోతారు. తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, నీరులేని ఆల్కహాల్‌లో రెండు మూడుసార్లు ముంచి, ఆల్కహాల్ పూర్తిగా ఆరిపోయాకే 100 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు వేడిచేయాలి. ఆల్కహాల్ ఆవిరి ఉండగా ఓవెన్‌లో పెడితే మంటలు లేస్తాయి.

దాచేది గాలిచొరని పాలీప్రొపిలీన్ డబ్బాలో, సిలికా జెల్‌తో. తేమ 35 శాతం లోపు ఉండాలి. నారింజ రంగు జెల్ ఆకుపచ్చకు తిరగగానే 120 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు వేడిచేసి మళ్లీ వాడొచ్చు. ఓక్ చెక్క బీరువాలు ఎసిటిక్ ఆమ్లపు ఆవిరి వదులుతాయి, పీవీసీ సంచులు పాతబడితే క్లోరిన్ సమ్మేళనాలు వదులుతాయి. రెండూ ఇనుముకు శత్రువులే. పైపూతగా మైక్రోక్రిస్టలైన్ మైనం మంచిది. నూనె కూడా పనిచేస్తుంది కానీ దుమ్ము పట్టి చూపు చెడుతుంది. లక్క లాంటి పూతల కింద తుప్పు మొదలైతే బయటికి తెలిసేసరికి ఆలస్యమవుతుంది.

పలక మసకబారితే

ముద్దకు ఇలాంటి అవసరం రాదు, పలకకు ఎప్పటికైనా వస్తుంది. 120, 220, 400, 600 నంబర్ల శాండ్ పేపర్లతో వరసగా రుద్దాలి. ప్రతి నంబరుకూ దిక్కు అడ్డంగా మార్చి, ముందటి గీతలు పోయేదాకా ఆగాలి. తడి చేయడానికి నీటి బదులు ఆల్కహాల్ వాడాలి. తర్వాత నైటాల్: 95 మిల్లీలీటర్ల ఇథనాల్‌లో 5 మిల్లీలీటర్ల గాఢ నైట్రిక్ ఆమ్లాన్ని నెమ్మదిగా పోయాలి. ఆల్కహాల్‌ను ఆమ్లంలో పోయకూడదు. గాఢత ఇంతకన్నా పెంచకూడదు. మూత బిగించి దాచకూడదు, పేలుతుంది. గాలి ఆడే చోట, మెత్తటి బ్రష్షుతో ఆపకుండా కదుపుతూ పూస్తే ఒకటి రెండు నిమిషాల్లో అల్లిక తేలుతుంది. ఎక్కువసేపు ఉంచితే ముఖమంతా నల్లబడి, పట్టీల మధ్య మెరుపు తేడా పోతుంది. అప్పుడు మళ్లీ 400 నుంచి మొదలెట్టాలి. వంటసోడా నీళ్లతో ఆమ్లాన్ని చంపి, డిస్టిల్డ్ వాటర్, ఆల్కహాల్, ఆరబెట్టడం.

ఫెర్రిక్ క్లోరైడ్‌తో ఇంకా సులువుగా అల్లిక వస్తుందని చాలామంది వాడతారు. నిజమే, వస్తుంది. కానీ వదిలించుకోవడానికి తంటాలు పడే క్లోరైడ్‌నే మనం చేతులారా పగుళ్లలోకి ఎక్కించినట్టవుతుంది. పలక కొనేముందు దేంతో అల్లిక తేల్చారో అడగడం అందుకే.

నకిలీలు

ఈ విషయంలో పలకదే పైచేయి. నిజమైన అల్లిక ముఖం మీద మాత్రమే ఉండదు, పట్టీలు అంచు దాటి పక్కకు, వెనక్కి కొనసాగుతాయి. ముద్రించిన అల్లిక అంచు దగ్గర ఆగిపోతుంది. డమాస్కస్ ఉక్కులో గీతలు అలలుగా ఉంటాయి, నిర్దిష్ట కోణాల్లో ఖండించుకోవు.

ముద్దను బయటి నుంచి నిర్ధారించడం కష్టం. అయస్కాంతానికి అంటుకోవడం దేన్నీ తేల్చదు. గాలిలో తూచి, దారంతో కట్టి నీటిలో వేలాడదీసి తూచండి. గాలిలో బరువును రెండు బరువుల తేడాతో భాగిస్తే సాంద్రత వస్తుంది. మాగ్నటైటు అనే ఇనుప ఖనిజం 5.2 దగ్గర, పోత ఇనుము 7.2 దగ్గర ఆగుతాయి. ఇనుప చిట్టెం ఇంకా తక్కువ, పైగా బుడగలుంటాయి. మామూలు ఉక్కు మాత్రం 7.85తో తప్పించుకుంటుంది. దానికి డైమిథైల్‌గ్లయాక్సిమ్‌తో నికెల్ పరీక్ష చేయాలి. ఆ రసాయనంలో తడిపి ముద్ద మీద రుద్దిన దూదికి గులాబీ రంగు రావాలి. నికెల్ కలిపిన ఉక్కు ఇక్కడా గట్టెక్కగలదు కాబట్టి చివరికి మూలన చిన్న కిటికీ అంత సానబట్టి నైటాల్ పూసి చూడటమే నిలిచే సాక్ష్యం.

కాగితాలు, మధ్యేమార్గం

గిబియన్‌ను నమీబియా 1950లలోనే రక్షిత వారసత్వంగా ప్రకటించింది. అర్జెంటీనాలో 2007 చట్టం ఉల్కలను సాంస్కృతిక సంపదగా చేసింది. ఆస్ట్రేలియా నుంచి హెన్‌బరీ లాంటివి బయటికి రావాలంటే అనుమతి కావాలి. కాబట్టి వీటిలో పాత సేకరణల నుంచి, చీటీతో సహా వచ్చినవే కొనాలి. పాత ముక్క మీద పెయింటుతో రాసిన నంబరుంటే దాన్ని చెరపొద్దు. పేరు, వర్గం ఉల్కల వివరాలు నమోదయ్యే మీటియోరిటికల్ బులెటిన్ డేటాబేస్‌తో సరిపోల్చుకోవచ్చు. కొత్త గిబియన్ దొరకడం కష్టమైపోతున్నందున నిలకడైన పలక కావాలనుకునేవాళ్లు రష్యాకు చెందిన సెయిమ్‌చాన్‌ను చూడొచ్చు. 1967లో దొరికినప్పుడు ఇనుప ఉల్కగానే నమోదైంది, తర్వాత ఆలివిన్ అనే ఖనిజపు గింజలున్న ముక్కలు దొరికి, అలా లోహంలో ఆలివిన్ కలిసి ఉండే పల్లసైటుల్లోకి మారింది. దాని లోహపు భాగాలను కోస్తే వెడల్పాటి అల్లిక వస్తుంది.

ముద్దా పలకా రెండూ ఒకే డబ్బుతో కావాలంటే 'ఎండ్ కట్' ఉంది: ముద్ద కొసను ఒక్క కోతతో తీసిన ముక్క. ఒకవైపు సహజమైన పై ఉపరితలం, మరోవైపు అల్లిక. కోసిన ముఖం ఒక్కటే కాబట్టి కాపాడాల్సింది పలకలో సగమే. నికరంగా 60 నుంచి 150 గ్రాముల మధ్య కాన్యన్ డయాబ్లో ఎండ్ కట్ తీసుకుంటే రెండు మిల్లీమీటర్ల పట్టీలు కనిపించేంత ముఖం వస్తుంది. కోసిన ముఖంలో గంధక ఇనుప గడ్డ పడితే ఇంకా మంచిది, కానీ దాని చుట్టూ పగుళ్లున్నాయేమో ముందే చూసుకోవాలి. తుప్పు మొదలయ్యేది అక్కడి నుంచే.